తెలుగు పరీక్ష నుంచి సైన్ లాంగ్వేజ్ దాకా: టెక్సస్‌లో మా అమ్మాయి హైస్కూల్ ఎలెక్టివ్‌లు

మేముండేది టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన. మా పెద్దమ్మాయి ఈ ఆగస్టులో తొమ్మిదో తరగతిలో చేరింది. ఏ సబ్జెక్టులు తీసుకోవాలి, తెలుగుకి క్రెడిట్ (హైస్కూల్ పూర్తి చేయడానికి కూడబెట్టుకోవాల్సిన పాయింటు) వస్తుందా, డాన్సు లెక్కలోకి తీసుకుంటారా అన్న గొడవ మాత్రం పోయిన డిసెంబర్లోనే మొదలైంది. పిల్లలు ఎనిమిదిలో ఉన్న స్నేహితులు ఒక్కొక్కరూ ఫోన్ చేసి అడుగుతున్నారు. ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు జరిగింది జరిగినట్టు వరసగా రాస్తున్నాను. స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థ, మారితే రూల్స్ కొంత మారతాయి. ఇది మాకు జరిగింది.

2024 డిసెంబర్ సెలవులకి ముందు స్కూల్ నుంచి కోర్సుల పుస్తకం పీడీఎఫ్ వచ్చింది. జనవరి చివర్లో హైస్కూల్లో తల్లిదండ్రులకి ఒక సాయంత్రం మీటింగు పెట్టారు. ఫిబ్రవరి మధ్యకల్లా పిల్లలు ఆన్‌లైన్లో తమ ఎంపికలు నింపేయాలి. దాంతోపాటు నాలుగేళ్ల ప్లాను ఒకటి, ఎండార్స్‌మెంట్ ఒకటి రాసి తల్లో తండ్రో సంతకం పెట్టాలి. ఎండార్స్‌మెంట్ అంటే స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, లెక్కలు), బిజినెస్, ఆర్ట్స్ అండ్ హ్యుమానిటీస్ లాంటి ఐదు దారుల్లో ఒకటి ఎంచుకోవడం. పదమూడేళ్ల పిల్లని పన్నెండో తరగతి దాకా ఏం చదువుతావో చెప్పమంటే నాకు గుండె దడ పుట్టింది. తర్వాత మార్చుకోవచ్చని మీటింగులో ఎవరో అడిగితే గానీ చెప్పలేదు.

లెక్క ఇలా ఉంటుంది. టెక్సస్‌లో ఎండార్స్‌మెంట్‌తో పూర్తి చేయాలంటే మొత్తం 26 క్రెడిట్లు. అందులో ఇంగ్లీషు కాక ఇంకేదైనా ఒకే భాషలో రెండు, ఫైన్ ఆర్ట్స్ (సంగీతం, బొమ్మలు లాంటివి) ఒకటి, పీఈ (వ్యాయామం) ఒకటి తప్పనిసరి. ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్ పోగా పిల్లల ఇష్టానికి మిగిలేది ఏడు, వాటినే ఎలెక్టివ్ లంటారు. ఏడంటే చాలా ఉన్నాయనిపిస్తుంది. కాగితం మీద గళ్లు నింపడం మొదలుపెడితే తెలుస్తుంది అవి ఎంత తొందరగా అయిపోతాయో.

ఆ మీటింగులో మన తెలుగువాళ్లు చాలామంది కనిపించారు. కాఫీ దగ్గర మాటలన్నీ ర్యాంకు గురించే. ఇక్కడ క్లాసులో పై స్థానంలో ఉన్న పిల్లలకి రాష్ట్ర యూనివర్సిటీల్లో ఆటోమేటిక్‌గా సీటు వచ్చే చట్టం 1997 నుంచి ఉంది. మొదట్లో అది పైన పది శాతం. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ దాన్ని తగ్గించుకుంటూ వచ్చి, 2026లో చేరేవాళ్లకి ఐదు శాతం చేసింది. ఏపీ (అడ్వాన్స్డ్ ప్లేస్మెంట్) అనే కాలేజీ స్థాయి క్లాసులకి జీపీఏలో, అంటే ర్యాంకు తేల్చే మార్కుల సగటులో, ఎక్కువ వెయిటు, మామూలు ఎలెక్టివ్‌లకి తక్కువ. అందుకని ఇష్టమైన క్లాసు తీసుకున్న పిల్లకి అందులో నూటికి నూరు వచ్చినా సగటు తగ్గచ్చు. ఆ రాత్రి ఇంటికొచ్చాక మావారు ఎక్సెల్ తెరిచి కూర్చున్నారు. ఏది తీసుకుంటే ఎంత పెరుగుతుంది, ఏది ఎంత తగ్గిస్తుందని. మా అమ్మాయి వెనకాల నిలబడి కాసేపు చూసి, "నాన్నా, ఇందులో నాకిష్టమైనవి ఏవో అడగవా?" అంది. ఆయన ల్యాప్‌టాప్ మూసేశారు. ఆ వారమంతా ఇంట్లో ముభావంగానే గడిచింది.

ఎవరు ఏం చెప్పినా నేను మొదట పట్టుకున్నది తెలుగునే. భాష క్రెడిట్లు తెలుగుతో తెచ్చుకోగలిగితే రెండేళ్లపాటు రోజుకో పీరియడ్ మిగులుతుంది. ఆ పీరియడ్ మా అమ్మాయికి ఇష్టమైనదానికి ఇవ్వచ్చు. తను ఐదేళ్లు ఇక్కడి పిల్లలకి తెలుగు నేర్పే సిలికానాంధ్ర మనబడికి వెళ్లింది. అందులో చివరి తరగతి ప్రభాసం పూర్తి చేసి పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయం సర్టిఫికెట్ కూడా తెచ్చుకుంది. అది చూపిస్తే సరిపోతుందనుకున్నాం. మా డిస్ట్రిక్ట్‌లో చాలదన్నారు, పరీక్ష రాయాల్సిందే అన్నారు.

ఆ మాట తెలియడానికే మూడు వారాలు పట్టింది. మిడిల్ స్కూల్ కౌన్సెలర్‌కి మెయిల్ పెడితే ముందు జవాబు రాలేదు. రెండోసారి పెడితే "తెలుగు మా కోర్సుల జాబితాలో లేదు" అని ఒక్క వాక్యం వచ్చింది. నేను అడిగింది కోర్సు గురించి కాదు, క్రెడిట్ బై ఎగ్జామ్ గురించి, అంటే క్లాసులో చదవకుండా పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకోవడం. ఈ రెంటికీ తేడా ఉంది. మీరు అడిగేటప్పుడు ఆ మాటే స్పష్టంగా వాడండి. స్కూల్లో బోధించని భాషకైనా పరీక్ష ఉండచ్చు. చివరికి డిస్ట్రిక్ట్ ఆఫీసులో పరీక్షల విభాగానికి నేరుగా రాస్తే రెండు రోజుల్లో వివరంగా జవాబు, ఫారం రెండూ వచ్చాయి. పరీక్ష పేరు అవాంట్ స్టాంప్ డబ్ల్యూఎస్. అందులో తమిళం, కన్నడం, మరాఠీతోపాటు తెలుగు కూడా ఉంది. ఈ క్రెడిట్ పరీక్షలకి ఏడాదిలో నాలుగు విడతలుంటాయి, మూడేసి నెలలకొకటి. డిస్ట్రిక్ట్ పెట్టిన విడతలో రాస్తే మాకు ఫీజు లేదు. జనవరి విడతకి రిజిస్ట్రేషన్ అప్పటికే అయిపోయింది. ఏప్రిల్ విడతలో పేరు ఇచ్చాం.

ఇక్కడే పెద్ద చిక్కు. ఎంపికల ఫారం ఫిబ్రవరిలో ఇవ్వాలి, పరీక్ష ఏప్రిల్‌లో, ఫలితం మేలో. పాసవుతుందో లేదో తెలియకుండానే ఏ భాష పెట్టాలో చెప్పాలి. మేము భాష గడిలో ఒక పేరు పెట్టి, అడిగింది దొరక్కపోతే బదులు వేసే ఆల్టర్నేట్‌లు కూడా ఆలోచించి నింపాం. ఆల్టర్నేట్ గడుల్ని చాలామంది తోచింది రాసేసి వదిలేస్తారు. అవి చాలా ముఖ్యం. ఎందుకో కింద చెబుతాను.

పరీక్షలో రాయడం, మాట్లాడటం ఈ రెండే ఉంటాయి. ఒక్కోదాంట్లో మూడేసి ప్రశ్నలు. సందర్భం ఇంగ్లీషులో ఇస్తారు, జవాబు తెలుగులో. మా డిస్ట్రిక్ట్ పట్టికలో రెంటిలో తక్కువ వచ్చినదాన్ని బట్టే క్రెడిట్లు. మా అమ్మాయి గడగడా చదువుతుంది, చేత్తో గుండ్రంగా రాస్తుంది. కానీ పరీక్షలో చేత్తో రాయడం కాదు, టైప్ చేయాలి. అదీ ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద, అంటే భారతీయ భాషలకి ఉమ్మడిగా పెట్టిన మీటల అమరిక మీద. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగులోకి మారిపోయే సదుపాయం ఉండదని ముందే చెప్పేశారు. ఇన్నేళ్ల మనబడిలో తను ఒక్కసారీ తెలుగు టైప్ చేయలేదు.

మొదటి రోజు "అమ్మ" అని కొట్టడానికి నా ముందే తంటాలు పడింది. షిఫ్ట్ పట్టుకుని డి నొక్కితే అ. సి నొక్కితే మ. ఒత్తు రావాలంటే డి నొక్కి పొల్లు పెట్టి, మళ్లీ సి. గుణింతాలు ఎక్కువగా ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు ఉంటాయి. ఖ కావాలంటే షిఫ్ట్‌తో కె. ఈ పద్ధతి అర్థమయ్యాక వేగం వచ్చింది గానీ ష మాత్రం చాలా రోజులు ఏడిపించింది. కామా మీటనే షిఫ్ట్‌తో నొక్కాలి. అది గుర్తు రాక "ఇష్టం" అని రాయాల్సిన చోటల్లా "ఇస్టం" అని వదిలేసేది. పది డాలర్లు పెట్టి తెలుగు అక్షరాల స్టిక్కర్లు కొని పాత కీబోర్డుకి అంటించాను. కానీ పరీక్ష రాసే కంప్యూటర్‌కి స్టిక్కర్లు ఉండవు కదా, అందుకని మార్చిలో వాటిని పీకేయించాను. రోజూ అరగంట, అన్నం తిన్నాక. ఆరు వారాలకి మీటలు చూడకుండా వాక్యం కొట్టగలిగింది.

మాట్లాడటం తేలికే అనుకున్నాం, ఇంట్లో తెలుగే కాబట్టి. రికార్డు చేసి వింటే ఆశ్చర్యం వేసింది. ఇంట్లో పిల్లలు మాట్లాడేది "ఊ", "తిన్నా", "తర్వాత చేస్తా" అంతే. నాలుగు వాక్యాలు కలిపి చెప్పమంటే ఆగిపోతారు. దానికి తోడు ప్రతి పనికీ ఇంగ్లీషు మాటకి "చేస్తాను" తగిలించడం. స్విమ్ చేస్తాను, కుక్ చేస్తాను, వాటర్ పోర్ చేశాను. ఈత కొడతాను, వంట చేస్తాను, నీళ్లు పోశాను అన్నవి తనకి తెలియక కాదు, వింటే అన్నీ తెలుసు. నోటికి రావు. దిద్దేవాళ్లు చూసేది పదాల జాబితా కాదు, వాక్యాల్ని ఎలా కలుపుతున్నారు, ఎంత వివరంగా చెబుతున్నారు అని. అందుకే "ఎందుకంటే", "అప్పుడు", "అయినా సరే", "దాని తర్వాత" అనే మాటలు అలవాటు చేయించాం.

ఈ పని మా అమ్మ చేసింది, కైకలూరు నుంచి. ఇక్కడ శనివారం రాత్రి, అక్కడ ఆదివారం పొద్దున. వాట్సాప్‌లో వారానికో విషయం ఇచ్చేది. "మీ బళ్లో నిన్న ఏం జరిగింది, మొదటినుంచి చెప్పు. మధ్యలో ఇంగ్లీషు మాట వస్తే నేను ఫోన్ పెట్టేస్తా." నిజంగానే రెండుసార్లు పెట్టేసింది. తాతయ్యని "నువ్వు తిన్నావా" అని అడిగితే "మీరు తిన్నారా" అనేదాకా ఊరుకునేది కాదు. డబ్బుపెట్టి ట్యూషన్ పెట్టినా ఇంత పట్టుదలగా ఎవరూ చేయించరు. మా అమ్మ మీద నాకున్న ప్రేమ ఈ మూడు నెలల్లో ఇంకో మెట్టు ఎక్కింది.

పరీక్ష ఏప్రిల్ చివర్లో ఒక శనివారం పొద్దున, మాకు అరగంట దూరంలో ఉన్న మరో స్కూల్లో. ఫోటో ఐడీ అడిగారు. స్కూల్ ఐడీ సరిపోయింది. తల్లిదండ్రుల్ని లోపలికి రానివ్వరు. ఒకే గదిలో చాలామంది పిల్లలు హెడ్‌సెట్లు పెట్టుకుని ఒకేసారి తమతమ భాషల్లో మాట్లాడుతుంటారట. పక్కమ్మాయి గొంతు పెద్దది కావడంతో మొదటి ప్రశ్నకి తన మాట తనకే వినపడలేదని బయటికొచ్చి చెప్పింది. మీరు ఇంట్లో ప్రాక్టీసు చేయించేటప్పుడు టీవీ పెట్టి చేయించండి. నిశ్శబ్దానికి అలవాటుపడితే అక్కడ తడబడతారు. తను కారెక్కగానే "అమ్మా, ష వచ్చింది, షిఫ్ట్ కామా" అంది. నాకు కళ్లు చెమర్చాయి.

తర్వాత నిరీక్షణ. కంప్యూటర్ కాదు, మనుషులే విని, చదివి దిద్దుతారు. వారం, రెండు వారాలు, మూడు. మే నెల మూడో వారంలో ఫలితం వచ్చింది. రాయడం 4, మాట్లాడటం 5. ఆ కొలతలో 4, 5, 6 మధ్యస్థ స్థాయి, 7 నుంచి పై స్థాయి. మా డిస్ట్రిక్ట్ పట్టిక ప్రకారం మూడు క్రెడిట్లు. కావలసింది రెండే. ట్రాన్‌స్క్రిప్టులో పాస్ అనే ఉంటుంది, జీపీఏలో కలవదు, తగ్గించదు, పెంచదు. మావారు ఆ సాయంత్రం జిలేబీ తెచ్చారు.

అయితే ఒక మాట. కొన్ని కాలేజీలు భాషని హైస్కూల్లో క్లాసుగా రెండుమూడేళ్లు చదివారా అని చూస్తాయి. పరీక్ష క్రెడిట్‌ని గ్రాడ్యుయేషన్‌కి ఒప్పుకోవడం వేరు, అడ్మిషన్లో దాన్ని ఎలా చూస్తారన్నది వేరు. మీ మనసులో ఉన్న కాలేజీల పేజీలు చూసుకోండి.

ఇప్పుడు మిగిలిన పీరియడ్‌కి ఏం పెట్టాలి? మావారు స్పానిష్ అన్నారు. నాలుగేళ్లు చదివితే ఏపీ స్పానిష్ దాకా వెళ్లచ్చు, వెయిటు వస్తుంది, ఈ రాష్ట్రంలో పనికొస్తుంది. అన్నీ నిజాలే. మా అమ్మాయి ఫారంలో పెట్టింది అమెరికన్ సైన్ లాంగ్వేజ్, వినిపించనివాళ్లు మాట్లాడుకునే చేతిసైగల భాష. దానికి ఏపీ లేదు. టెక్సస్‌లో దాన్ని భాషా క్రెడిట్‌గానే లెక్కపెడతారు గానీ మాకు ఆ క్రెడిట్ అవసరం తీరిపోయింది. ఎందుకమ్మా అంటే, తన స్నేహితురాలి తమ్ముడికి వినిపించదు. వాళ్లింటికి వెళ్లినప్పుడు అందరూ చేతులతో మాట్లాడుకుంటారు. వాడు తనతో ఏదో చెప్పబోతాడు, తను నవ్వి ఊరుకోవాల్సి వస్తుంది. "వాడికి జవాబు చెప్పాలి" అంది. తెలుగు కోసం ఇంత కష్టపడ్డ పిల్ల తనంతట తాను ఇంకో భాష అడుగుతుంటే, వెయిటు లేదని కాదనడానికి నాకు మనసొప్పలేదు. పీరియడ్ మిగిల్చింది తన కష్టం. అది తనదే. మావారు రెండు రోజులు ఆలోచించి సరేనన్నారు.

సైన్సు విషయంలో తొమ్మిదిలో బయాలజీ, పదిలో కెమిస్ట్రీ, పదకొండులో ఫిజిక్స్. అంతవరకు చాలామందిది ఒకటే దారి. పన్నెండో తరగతి గడిలో తను అక్వాటిక్ సైన్స్ రాసింది. నీళ్లు, చెరువులు, వాటిలో బతికేవాటి గురించి. 2023 డిసెంబర్లో ఊరెళ్లినప్పుడు మా నాన్న ఆటపాక తీసుకెళ్లి కొల్లేటి పక్షుల్ని చూపించారు. పడవలో వెళుతుంటే పెలికాన్‌లు తలమీదుగా దిగుతుంటే తను నోరు తెరిచి చూసింది. కొల్లేరు కృష్ణా గోదావరుల డెల్టాల నడుమనున్న మంచినీటి సరస్సని, చేపల చెరువుల గట్లతో కుంచించుకుపోయిందని తాతయ్య చెప్పింది అప్పటినుంచీ అడుగుతూనే ఉంది. మావారు ఏపీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ పెడదామంటున్నారు. ఈ వాదన ఇంకా తెగలేదు, తెగడానికి టైమూ ఉంది.

ఏపీ హ్యూమన్ జియోగ్రఫీ ఒక్కటి మాత్రం తొమ్మిదిలోనే తీసుకుంది. ఏపీ పరీక్ష ఫీజు 2025లో 99 డాలర్లు. స్కూల్ ఫీజు లేదుగదా అనుకుని ఇలాంటివి నాలుగైదు పెట్టుకుంటే మేలో చేతి చమురు బాగానే వదులుతుంది.

కూచిపూడి సంగతి. ఇక్కడ ఆఫ్ క్యాంపస్ పీఈ అని ఒకటుంది. బయట వారానికి కనీసం ఐదు గంటలు శిక్షణ తీసుకుంటే, ఆ సంస్థకి డిస్ట్రిక్ట్ ఆమోదం ఉంటే, పీఈ క్రెడిట్ ఇస్తారు. మా గురువుగారి డాన్స్ స్కూల్ జాబితాలో లేదు. ఆవిడ చేత దరఖాస్తు పెట్టించడం, ఇన్సూరెన్స్ కాగితాలు, హాజరు పట్టీ నమూనా, అన్నీ మే నెలంతా పట్టాయి. తనకి అప్పటిదాకా వారానికి మూడు గంటల క్లాసులే. ఐదు చేయడానికి నెలకి 90 డాలర్లు అదనం. గురువుగారే హాజరు, మార్కులు పంపాలి. ఆవిడ ఓపిగ్గా ఒప్పుకున్నందుకు ఎంత చెప్పినా తక్కువే. జూన్ రెండో వారంలో ఆమోదం వచ్చింది. ఎవరూ చెప్పని విషయం ఏంటంటే, మా స్కూల్లో ఆ పీరియడ్‌ని రోజులో చివర వేస్తారు, అప్పుడు పిల్ల స్కూల్లో ఉండకూడదు. బస్సు మాత్రం బడి వదిలాకే. అంటే ఎవరో ఒకరు ముందే వెళ్లి తెచ్చుకోవాలి. నేను మా మేనేజర్‌తో మాట్లాడి లంచ్ టైమ్ వెనక్కి జరుపుకున్నాను. ఇద్దరూ ఆఫీసుకి వెళ్లే ఇల్లయితే ముందే చూసుకోండి.

ఆగస్టు రెండో వారంలో షెడ్యూల్ ఆన్‌లైన్లో తెరిచారు. సైన్ లాంగ్వేజ్ ఉంది, ఆర్కెస్ట్రా లేదు. దాని బదులు ఆర్ట్ 1 ఉంది. తను ఆరో తరగతి నుంచి వయొలిన్ వాయిస్తోంది. చూడగానే ఏడ్చేసింది. సైన్ లాంగ్వేజ్ మొదటి ఏడాది క్లాసు, తన స్థాయి ఆర్కెస్ట్రా రెండూ ఒక్కో సెక్షనే ఉన్నాయి, రెండూ ఒకే పీరియడ్‌లో పడ్డాయి. కంప్యూటర్ ఒకటి ఉంచి, రెండోదానికి మేము ఆల్టర్నేట్‌లో రాసింది వేసింది. అందుకే ఆ గడులు ముఖ్యమన్నాను. మేము ఫైన్ ఆర్ట్స్‌కి ఫైన్ ఆర్ట్సే రాశాం కాబట్టి కావలసిన క్రెడిట్ పోలేదు. తోచింది రాసుంటే అదీ పోయేది.

స్కూల్ తెరిచిన మొదటి వారమంతా కౌన్సెలర్ల దగ్గర పెద్ద క్యూ. ఈసారి మెయిల్ నేను రాయలేదు, తనే రాసింది. నాలుగో రోజు పిలిచారు. సెక్షన్ మార్చే వీల్లేదు, రెంటిలో ఒకటి ఎంచుకో, శుక్రవారం లోపు చెప్పు అన్నారు. ఆ మూడు రోజులూ మేమిద్దరం నోరు మెదపకూడదని అనుకున్నాం. నాకది పరీక్ష ఫలితం కోసం ఎదురుచూడటం కన్నా కష్టమైంది. గురువారం రాత్రి తను సైన్ లాంగ్వేజ్ ఉంచుకుంటానంది. వయొలిన్‌కి బయట టీచర్ని పెట్టాం, వారానికి అరగంటకి 35 డాలర్లు. వచ్చే ఏడాది సెక్షన్లు కలిసొస్తే మళ్లీ ఆర్కెస్ట్రాలో చేరచ్చని, ఆడిషన్ ఉంటుందని ఆ టీచరు చెప్పారు.

ఇప్పుడు సెప్టెంబర్. ఆదివారాలు స్నేహితురాలి ఇంటికి వెళ్లొచ్చి ఆ పిల్లాడు ఏమేం చెప్పాడో చేతులతో చేసి చూపిస్తోంది. ఆర్ట్ క్లాసు బాగానే ఉందట.

చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. మాట్లాడటం వచ్చి, రాయడం రాని పిల్లల సంగతేంటని. మా డిస్ట్రిక్ట్‌లో తక్కువ వచ్చినదే లెక్క కాబట్టి రాయడం రాకపోతే క్రెడిట్ రాదు. మీది ఎలాగో పరీక్షల విభాగాన్ని అడగండి, ఎనిమిదో తరగతి అక్టోబర్ కల్లా అడగండి. మేము ఏప్రిల్లో రాశాం గానీ అక్టోబర్ విడతలో రాసుంటే ఫిబ్రవరి ఫారం నాటికి ఫలితం చేతిలో ఉండేది. మా రెండోవాడు ఇప్పుడు ఆరో తరగతి. వాడికి కూడబలుక్కుని చదవడం వచ్చింది, ఒత్తులు ఇంకా రాలేదు. ఈ నెల నుంచి శనివారాలు అమ్మమ్మతో మాట్లాడాక పావుగంట ఇన్‌స్క్రిప్ట్ మీద కూర్చోబెడుతోంది వాళ్లక్క.